పాట లేని ప్లేట్ల కోసం ఎర్రగడ్డ దాకా

ఆదివారం పొద్దున్నే లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కితే చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ దాటాక భరత్‌నగర్ వస్తుంది. అక్కడ దిగితే ఎర్రగడ్డ సంతకు నడిచే వెళ్లొచ్చు. మామూలు రోజుల్లో హైటెక్ సిటీ రాగానే మెడలో ఐడీ కార్డులు వేసుకున్న జనం బిలబిలమంటూ దిగిపోతారు. వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆదివారం మాత్రం కిటికీ పక్కన సీటు దొరుకుతుంది. ఒళ్లో ఖాళీ గుడ్డ సంచి పెట్టుకుని ముందుకు పోతాను. పాత రికార్డులు దొరికితే అందులో వేసుకురావాలి.

ఈ పిచ్చి నాకు ఉద్యోగం వల్ల పట్టింది. మాదాపూర్‌లో కంపెనీల వీడియోలు ఎడిట్ చేయడం నా పని. కొత్త ఆఫీసు ప్రారంభం కావచ్చు, భద్రతా శిక్షణ కావచ్చు, బొమ్మ వెనక ఏదో ఒక సంగీతం ఉండాలి. దాన్ని ఆన్‌లైన్ లైబ్రరీల్లోంచి తీసుకుంటాం. ఉత్సాహం, ఉత్కంఠ, విజయం అంటూ ప్రతి ట్రాకుకూ ఒక వివరం, పక్కనే నిమిషాలూ సెకన్లూ ఉంటాయి. ఇది ఇంటర్నెట్ తెచ్చిన పద్ధతి కాదు. లండన్‌లో డి వుల్ఫ్ సంస్థ 1909లోనే మొదలై మూకీ సినిమాలకు స్వరపత్రాలు అందించింది. కేపీఎం సంస్థ 1960లలో సంగీతాన్ని ఎల్పీల మీద అచ్చేసి టీవీ, సినిమా, ప్రకటనల వాళ్లకు పంపింది. దుకాణాల్లో అమ్మలేదు. అన్నిటికీ ఒకేలాంటి ఆకుపచ్చ అట్ట. లోపల మాత్రం ఆ కాలపు గొప్ప వాద్యకారులు ఉండేవారు. లైబ్రరీ రికార్డింగులకు బ్రిటన్ సంగీతకారుల సంఘం ఒప్పుకోకపోతే జర్మనీ, బెల్జియం వెళ్లి మరీ వాయించి వచ్చారు. కీత్ మాన్స్‌ఫీల్డ్ పేరు మనలో చాలామందికి తెలియదు. కానీ 2003లో వచ్చిన ‘కిల్ బిల్’ సినిమా మొదట్లో మోగే ఆ హుషారైన ముక్క ఆయనదే.

మన దగ్గర ఇలాంటి లైబ్రరీలు లేవు గానీ అదే పని చేసిన రికార్డులు ఉన్నాయి. ఊళ్లో సినిమా హాలు మైకులో ఘంటసాల ‘నమో వెంకటేశా’ వినబడితే టికెట్లు ఇస్తున్నారని తెలిసేది. హాల్లో కూర్చున్నాక, లైట్లు ఆరేదాకా, మళ్లీ ఇంటర్వెల్‌లో, మాటల్లేని వాద్య సంగీతం నడిచేది. పెళ్లిపందిట్లో మైకుసెట్టు వాళ్లూ అదే వేసేవారు. అది వింటూనే సోడాలు తాగాం, కబుర్లు చెప్పుకున్నాం. వాయించినవాడు ఎవరని ఎవరూ అడగలేదు. ఆకాశవాణి సిగ్నేచర్ ట్యూన్ విననివాడు మనలో లేడు. దాన్ని కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్ అని, నాజీల కాలంలో యూరప్ వదిలి బొంబాయి చేరిన యూదు సంగీతకారుడని ఎందరికి తెలుసు? నేను వెతికేది ఇలాంటి వాళ్లనే.

ఎర్రగడ్డలో రోడ్డు పొడుగునా పట్టాలు పరిచి ఉంటాయి. స్పానర్లు, డ్రిల్లింగ్ మిషన్లు, మూతలేని మిక్సీలు, రిమోట్ల కుప్పలు, పాత సైకిళ్లు. రికార్డులు ప్రతి వారం రావు. ఈసారి ఒక చాచా ముందు, చెడిపోయిన యాంప్లిఫయర్ పక్కన, అట్టపెట్టె కనిపించింది. గొంతుకు కూర్చుని తిరగేయడం మొదలుపెట్టాను.

“ఘంటసాలవి అయిపోయినయ్ బేటా. పొద్దుగాలనే ఒకాయనొచ్చి మొత్తం పట్కపోయిండు. గివన్నీ పాట లేని ప్లేట్లు. ఏం జేస్కుంటవ్?”

“నాక్కావాల్సింది అవే చాచా. ఎట్లిస్తవ్?”

ఆయన నన్ను ఎగాదిగా చూసి, బేరం పెద్దగా చేయకుండానే ఇచ్చేశాడు. ఎనాక్ డేనియల్స్ అకార్డియన్, వాన్ షిప్లీ ఎలక్ట్రిక్ గిటార్, అడుగున చిట్టిబాబు వీణ. అట్ట అంచులు చెదలు తిన్నాయి. ప్లేటును బయటికి తీసి, అంచులు మాత్రమే పట్టుకుని, ఎండకు ఏటవాలుగా తిప్పాను. సన్నటి గీతలు వెండి దారాల్లా మెరిశాయి. గోరు మెల్లగా ఆనించి చూస్తే ఎక్కడా తట్టలేదు. గోరుకు తట్టని గీత మామూలుగా ముల్లును ఎగరనీయదు. తట్టిందంటే అక్కడ టక్కుటక్కు తప్పదు. తర్వాత ప్లేటును కంటి ఎత్తున పెట్టి వంకర ఉందేమో చూశాను. మధ్య రంధ్రం చుట్టూ తెల్లటి గీకుళ్లు ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువగా మోగినట్టు. మైకుసెట్ల దగ్గర్నుంచి వచ్చిన ప్లేట్లలో అవి దట్టంగా ఉంటాయి. బూజు ఉంటే భయపడక్కర్లేదు, డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తటి గుడ్డ పెట్టి తుడిస్తే పోతుంది. 78 ఆర్పీఎం లక్క ప్లేటు దొరికితే మాత్రం ఎల్పీ ముల్లుతో వేయకండి. దాని గాడి వెడల్పు వేరు, ముల్లూ వేరేది కావాలి.

కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లు ఏవి కొనాలని అడిగితే, నేను మొదట చెప్పేది చిట్టిబాబు. 1936లో కాకినాడలో పుట్టి, ఈమని శంకరశాస్త్రి దగ్గర నేర్చుకున్నవాడు. వీణ మీద కోయిల కూత పలికించిన ‘కొమ్మలో కోయిల’ ఒక్కటి చాలు. శాస్త్రీయం తెలియని ఇంటికి కూడా ఆ రికార్డు తీసుకెళ్లొచ్చు. తర్వాత చరణ్‌జిత్ సింగ్. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వెనక వరసలో వాయించిన ఆయన 1982లో సింథసైజర్లతో, డ్రమ్ మెషీన్‌తో పది రాగాలను డిస్కో దరువు మీద నడిపించాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ అచ్చయ్యాక ప్రపంచమంతా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. అసలు ప్రతి కోసం ఆస్తులు అమ్ముకోకండి, కొత్త అచ్చు బాగానే ఉంటుంది. వాన్ షిప్లీ, ఎనాక్ డేనియల్స్ ప్లేట్లు ఇప్పటికీ సంతల్లో చవగ్గా దొరుకుతున్నాయి, కనబడినవి కనబడినట్టు తీసుకోండి.

విదేశీ లైబ్రరీ రికార్డుల్లో మూడింటిని గట్టిగా సిఫారసు చేస్తాను. అలన్ హాక్‌షా, మాన్స్‌ఫీల్డ్ కలిసి చేసిన ‘ద బిగ్ బీట్’ తాళం కోసం. హాక్‌షా, బ్రయన్ బెనెట్‌ల ‘సింథసైజర్ అండ్ పర్కషన్’ శబ్దం కోసం. మూడోది 1972 నాటి ‘ఎలెక్ట్రోసోనిక్’. అందులో డీలియా డెర్బిషైర్ ఉంది. 1963లో ‘డాక్టర్ హూ’ టీవీ సీరియల్ సంగీతాన్ని టేపు ముక్కలు కోసి అతికించి తయారుచేసిన మనిషి ఆమే. అయినా అట్ట మీద ఆమె అసలు పేరు కనబడదు, రస్ అనే మారుపేరే ఉంటుంది. నా దృష్టిలో మూడింటిలో ఇదే మేటి. కొత్త అచ్చే వెతకండి. మన సంతల్లో దొరుకుతుందని ఎదురుచూడొద్దు.

మన రికార్డులకు కొత్త అచ్చు చాలావాటికి లేదు. ఉన్న ప్లేటే చివరి సాక్ష్యం. మీ ఇంటి అటక మీద గానీ, మీ ఊరి పాత సినిమా హాలు ఆపరేటర్ గదిలో గానీ, మైకుసెట్టు షెడ్డులో గానీ రికార్డుల పెట్టె ఉంటే, తూకానికి వేసేముందు పాట లేని ప్లేట్లను ఏరి పక్కన పెట్టండి. లేబుల్ మీది వాద్యకారుల పేర్లను, నంబరును ఒక కాగితం మీద రాసి అట్టలో పెట్టండి. వినే తీరిక మీకు లేకపోతే వినేవాళ్లకు ఇవ్వండి.