మూత తీయు వేళ

పుదుచ్చేరిలో వైట్ టౌన్ అని పిలువబడు భాగము పెద్దది కాదు. తూర్పున బంగాళాఖాతము, పడమట పాతకాలపు పెద్ద కాలువ. ఈ రెంటి నడుమ తిన్నగా సాగు కొన్ని వీథులు. డ్యూమా వీథిలో గాని, సఫ్రాన్ వీథిలో గాని ఉదయమున నడచువానికి మొదట కనబడునది ఇల్లు కాదు, గోడ. ఎత్తయిన ప్రహరీ, దానికి ఆవపిండి వంటి పసుపు వన్నె, అంచులకు తెలుపు, పైనుండి వ్రేలాడు కాగితపు పూల తీగ. నడుమ నడుమ శ్రీ అరవిందాశ్రమమునకు చెందిన కట్టడములు బూడిద వన్నెతో, తెల్లని అంచులతో నిలిచియుండును. యాత్రికులు పసుపు గోడల ముందు నిలిచి ఫొటోలు తీయించుకొందురు. ఆ పసుపు ఫ్రెంచివారి నాటిదని వారికి తోచును. గోడ ఆనాటిదే కావచ్చును. రంగు మాత్రము పోయిన సంక్రాంతిదో, అంతకు ముందటి సంక్రాంతిదో. అది ఇరువది లీటర్ల ప్లాస్టిక్ బకెట్టులో, బిగించిన మూతతో, ఇంటి గుమ్మము వద్దకు వచ్చినది.

ఆ మూత తీయుట చూచుటకు చిన్న పని. బకెట్టు లోపలి రంగుతో కలిపి ఇరువదియైదు కిలోలకు పైబడియే తూగును. మూత చుట్టును గోళ్ళ వంటి చిన్న కొక్కెములు బకెట్టు అంచును పట్టుకొనియుండును. ముందు అడుగునున్న సన్నని పట్టీని కోసి లాగవలెను. తరువాత స్క్రూడ్రైవరు మొనను ఒక్కొక్క కొక్కెము క్రిందను దూర్చి, కొద్దికొద్దిగా లేపుచు చుట్టును తిరిగి రావలెను. ఒక్క చోటనే బలము చూపినచో మూత చీలును. చీలిన మూత మరల బిగియదు. బిగియని మూత క్రింద మిగిలిన రంగు గట్టిపడును. తలుపులకు వేయు నూనె రంగుల ఇనుప డబ్బాది వేరు పద్ధతి. దాని మూత ఒక గాడిలో కూర్చుండును. గాడిలో రంగు నిలిచి ఎండినచో మరునాడు మూత పెకలదు. తెలిసిన మేస్త్రీ గాడిలో మేకుతో నాలుగు రంధ్రములు పొడుచును. నిలిచిన రంగు తిరిగి డబ్బాలోనికే జారిపోవును. మూత వేసినప్పుడు ఆ రంధ్రములు దానిక్రిందనే మూసికొనును. నిలువయున్న నూనె రంగుపై పాలమీద వలె మీగడ కట్టును. దానిని చుట్టలుగా తీసి పారవేయవలెనే గాని రంగులో కలియబెట్టరాదు. కలియబెట్టినచో పగిలిన తునకలు తలుపుమీద గింజలవలె తేలును.

ఇంతవరకు ఇది చేతి నేర్పు. కాని ఇరువది లీటర్ల బకెట్టు మూత క్రింద మరియొక సంగతి కలదు. రంగు కంపెనీలు చాలకాలముగా తమ డబ్బాలలో టోకెను అను బిళ్ళనొకటి ఉంచుచున్నవి. అది రంగు వేయువానికి కంపెనీ ఇచ్చు బహుమానము. అంగడివానికిచ్చిన రొక్కము వచ్చును. ఇప్పుడు కొన్నింటిలో బిళ్ళకు బదులు సెల్‌ఫోనుతో చదువు గళ్ళగళ్ళ గుర్తు వచ్చినది. డబ్బా కొన్నవాడు గృహస్థు, బిళ్ళ చేరునది మేస్త్రీకి. అందుచేత మూత ఎవరు తీయవలెనన్నది చిన్న విషయము కాకపోయినది.

ఆ వీథులలోని ఒక ఇంటి యజమానురాలు యానామునుండి వచ్చి స్థిరపడిన తెలుగు ఆమె. బడిలో పంతులమ్మగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నది. యానాము పుదుచ్చేరికి ఎనిమిదివందల కిలోమీటర్లకు పైగా దూరమున, గోదావరి ఒడ్డున ఉన్నను, పాలన ఒక్కటే యగుటచేత ఉద్యోగములపై ఇటు వచ్చిన తెలుగువారు కలరు. రంగు వేయ వచ్చిన మేస్త్రీయు ఇంట తెలుగు, వీథిలో తమిళము మాటాడు కుటుంబములోనివాడు. అతడు మూత తీయబోవునంతలో ఆమె వరండాలోనికి వచ్చినది.

“మేస్త్రీ, ఆగు. ఆ మూత నా ముందు తియ్యి. అందులో ఏదో బిళ్ళ ఉంటుందటగా?”

“ఉంటుందమ్మగారూ. అది కంపెనీ వాళ్ళు మాకిచ్చేది.”

“కంపెనీ వాళ్ళు ఎక్కణ్ణించి తెచ్చిస్తారు? నేనిచ్చిన డబ్బులోంచే గదా.”

మేస్త్రీ బదులు చెప్పలేదు. స్క్రూడ్రైవరును తిప్పి, పిడి ఆమె వైపునకు చాచినాడు. “మీరే తియ్యండమ్మగారూ.”

ఆమె తీసికొన్నది. ఒక కొక్కెము లేచినది, రెండవది లేచినది. మూడవదానికి ఓపిక చాలక గట్టిగా ఎత్తినది. మూత అంచున వ్రేలెడు పొడవున చీలినది. లోపలివైపున అంటించియున్న బిళ్ళ కనబడినది. ఆమె దానిని తీసి, తుడిచి, కిటికీ గట్టుమీద పెట్టినది. మేస్త్రీ చీలిన మూతను చూచి, “చుట్టూ తిరగాలమ్మా,” అని మాత్రము అనినాడు.

ఆమె అడిగిన ప్రశ్నలో తప్పు లేదు. బిళ్ళ వెల డబ్బా వెలలో చేరియే ఉండును. కొనువానికి తెలియకుండ ఇచ్చు బహుమానమునకు కొనువాడే దాత. పైగా ఏ డబ్బా తెప్పింపవలెనని గృహస్థు అడుగునది మేస్త్రీనే. ఎక్కువ వెలగల బిళ్ళ ఏ డబ్బాలో ఉన్నదో అతనికి తెలియును. మరి మేస్త్రీ వైపు? అతని కూలి దినకూలి. వానలు పట్టిన నెలలలో పని ఉండదు. అతని నేర్పునకు వేరుగా వెల కట్టువారు లేరు. కట్టినది ఒక్క కంపెనీయే, అదియు మూతక్రింద దాచి. బిళ్ళను బహిరంగముగా డబ్బాపైననే అంటించియుంచినచో ఈ వరండాలో ఆ మాట వచ్చియుండెడిది కాదు.

మూత తీసినంత మాత్రమున రంగు సిద్ధము కాదు. బరువైన పొడి అడుగునకు దిగియుండును, పలుచని భాగము పైకి తేలియుండును. పైపైన కలిపి మొదలిడినచో మొదటి గోడకు నీరు, చివరి గోడకు ముద్ద దక్కును. మేస్త్రీ సగము రంగును ఖాళీ బకెట్టులోనికి వంచి, అడుగున మిగిలినదానిని బద్దతో గీకి లేపి కలిపి, పైది కొంచెము కొంచెముగా తిరిగి పోయును. మరల అటునుండి ఇటు, ఇటునుండి అటు, కాఫీ తిరగబోసినట్లు. రెండు బకెట్లు కొన్నప్పుడు రెంటిని పెద్ద పీపాలో ఒక్కటిగా కలుపుట మంచిది. అంగడిలో తెల్లని మూలపు రంగులోనికి యంత్రము వన్నె చుక్కలను కొలిచి వదలి కుదుపును; లెక్క ఒక్కటే అయినను, వేరువేరు దినములలో వచ్చిన రెండు బకెట్ల పసుపులు కవలపిల్లల వంటివి, తల్లికి తేడా తెలియును. లోపలి గదిలో ఆ తేడా కనబడదు. ఏబది అడుగుల ప్రహరీ నడుమ ఒక బకెట్టు ముగిసి మరియొకటి మొదలైనచో, సముద్రము మీదనుండి వచ్చు ఉదయపు టెండ ఆ అతుకును ప్రతిదినము చదివి వినిపించును.

నీటి విషయము మరింత సున్నితమైనది. ఎంత నీరు కలుపవచ్చునో బకెట్టుమీదనే వ్రాసియుండును. గృహస్థులు అనుమానించునట్లు నీరెక్కువ పోయు మేస్త్రీలు లేకపోలేదు; చిక్కగా వేసినచో మన్నునని పట్టుబట్టి కుంచె గీతలు తెచ్చికొను గృహస్థులును ఉన్నారు. తెలిసినవారు పాటించు నియమ మొకటి కలదు: నీరు కలిపిన రంగును సాయంకాలము మూలపు బకెట్టులో తిరిగి పోయరాదు. మురికినీటితోపాటు సూక్ష్మజీవులు చేరి, కొన్ని వారములకు మూత తీయగానే కుళ్ళిన గ్రుడ్డు వాసన కొట్టును. అంచు తుడిచి, రంగుపై పలుచని ప్లాస్టిక్ కాగితము పరచి, మూత నొక్కవలెను. ఈ ఇంట మూత చీలియుండుటచేత మేస్త్రీ దానిపై తడిగుడ్డ కప్పి, ఇటుక పెట్టినాడు.

డబ్బాలు రాకమునుపు ఈ అనుమానములకు తావులేదు. రంగు ఇంటి పెరటిలోనే, అందరి కన్నుల ముందు తయారయ్యెడిది. ఈ తీరమున ఆల్చిప్పలను, గుల్లలను కాల్చి చేసిన సున్నము వాడుక. కాల్చిన సున్నమును నీటిలో వేయగా అది కుతకుతలాడి, పొగలు చిమ్మి, విరిసి మెత్తనగును. పిల్లలను దూరముగా తరిమెడివారు. ఒక్క చుక్క కంటబడినచో చూపునకే అపాయము. చల్లారిన తరువాత పాతచీర గుడ్డలో వడియగట్టి, పట్టు నిలుచుటకు జిగురో గంజియో చేర్చి, పసుపు కావలెనన్నచో పసుపు మన్ను కలిపెడివారు. తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనబడి ఎండిన తరువాత పాలిపోవుట సున్నము స్వభావము. కాబట్టి ముందొక మూల పూసి, ఎండువరకు ఆగి చూచెడివారు. హిందీలో ఈ పనిని సఫేదీ అందురు, తెలుగులో వెల్ల అందురు. రెండు మాటలకును తెలుపే అర్థము. పసుపు వెల్ల అనినప్పుడు రెండు భాషలవారిలో ఎవరును నవ్వరు.

సఫేదీ అనగానే గుర్తునకు వచ్చునది దీపావళి. ఉత్తరదేశమున వానలు సెప్టెంబరుతో వెనుదిరుగును. దీపావళికి గోడలు ఆరియుండును, పండుగయు పనియు ఒకదానికొకటి అమరును. ఈ తీరమున అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము. దీపావళి వాన నడుమ వచ్చిపోవును. రంగు పని భోగికి ముందు పడును. అప్పటికి గోడ పైన ఎండినట్లు కనబడినను లోపల తడిగానే ఉండును.

తడి అనునది ఈ వీథులలో అల్పవిషయము కాదు. 1761లో ఆంగ్లేయులు పట్టుకొని నేలమట్టము చేసిన పట్టణమిది. ఫ్రెంచివారు 1765 నుండి తిరిగి కట్టిరి. పాత ఇండ్లు ఇటుకతో, సున్నముతో లేచినవి. ఇటుకయు సున్నమును నీటిని పీల్చును, మరల గాలికి వదలును. సున్నపు పూత ఆ రాకపోకలకు అడ్డు చెప్పదు; గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి తానును రాయిగా మారి గోడలో ఒక భాగమగును. బకెట్టులోని రంగు అట్టిది కాదు. నీరు ఆవిరియైన తరువాత అందులోని ప్లాస్టిక్ కణములు ఒకదానితో నొకటి అతుకుకొని గోడపై తోలు వంటి పొర యగును. ఆ పొర వానను ఆపును, లోపలి తడిని కూడ ఆపును. నేలనుండి ప్రాకిన చెమ్మ, దానితోపాటు ఉప్పు, పొర వెనుక చేరి బుడగలై, పెచ్చులై ఊడును. సముద్రపు ఒడ్డున 1870 ప్రాంతమున కట్టిన మేరీ అను పురపాలక భవనము 2014 నవంబరులో కూలిపోయినది. పాత రూపముననే తిరిగి కట్టి 2021లో తెరచిరి. దానికి రంగు కారణమని ఎవరును అనలేదు. కాని అది మొదలు ఆ వీథులలో కొందరు గోడ అడుగుభాగమును ఇదివరకటికంటె శ్రద్ధగా చూచుచున్నారు.

మూడవనాడు మేస్త్రీ ప్రహరీ అడుగున గీకుచుండగా మూడడుగుల ఎత్తువరకు పాత రంగు పలకలుగా ఊడివచ్చినది. క్రింద ఉప్పు తెల్లగా పొటమరించియున్నది. పంతులమ్మ మూడవ బకెట్టునకు అంగడివానికి ఫోను చేయబోయినది.

“వద్దమ్మగారూ,” అనినాడు మేస్త్రీ. “ఈ మూడడుగులకీ డబ్బా రంగు వెయ్యకండి. వచ్చే వానలకి మళ్ళీ ఊడుతుంది. గీకేసి సున్నం వేద్దాం.”

“రంగు కలుస్తుందా?”

“కలవదు. కొంచెం తేడా ఉంటుంది. గోడ ఉంటుంది.”

ఆమె ఫోను పెట్టివేసినది. మూడవ బకెట్టు రానిచో మూడవ బిళ్ళయు లేదు. ఆ లెక్క ఇద్దరికిని తెలియును, ఇద్దరును దానిని మాటలలో పెట్టలేదు. కిటికీ గట్టుమీది బిళ్ళను ఆమె ఆనాటి కూలితోపాటు అతని చేతిలో పెట్టినది. రెండవ బకెట్టు మూత అతడే తీసియుండెను; దాని బిళ్ళను గూర్చి ఆమె అడుగలేదు.

సున్నము ఇనుప పీపాలో విరిసి చల్లారుటకు రెండు దినములు పట్టినది. అప్పటికి మొదటి బకెట్టు ఖాళీ అయినది. మామూలుగా ఈ ఖాళీ బకెట్ల మీదను చిన్న తగవు నడచును. నీళ్ళకు, మొక్కలకు, ఎక్కి నిలుచుటకు అవి ఇంటివారికిని కావలెను, మేస్త్రీకిని కావలెను. ఈసారి ఆ తగవు రాలేదు. మేస్త్రీ దానిని కడిగి, వడియగట్టిన సున్నపు ముద్దను అందులో నింపి, పైన నాలుగు వ్రేళ్ళ మేర నీరు నిలిపినాడు. నీటి క్రింద సున్నము ఎన్ని నెలలైనను గట్టిపడదు. చెత్త పడకుండ చాలునని చీలిన మూతనే దానిపై మూసి, బకెట్టును మెట్ల క్రిందికి జరిపినాడు.