సుద్దగీతతో మొదలైన వేగం

కోఠి వెనక సందులోని ఆ సైకిలు దుకాణానికి రెండు వస్తువులతో వెళ్లాను. ఒకటి నా మడత సైకిలు. రెండోది, దాన్ని కరెంటు సైకిలుగా మార్చుకుందామని ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న, చక్రం మధ్యలో బిగించే హబ్ మోటారు. అక్కడి మెకానిక్ ఉస్తాద్ మోటారును అటూ ఇటూ తిప్పి, దాని మీదున్న అంకె చదివి, మాట్లాడకుండా పక్కన పెట్టేశారు. నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీశారు. ముందు చక్రం వాల్వును ఆ గీత మీదికి తెచ్చి, చక్రం ఒక్క చుట్టు తిరిగేదాకా సైకిలును మెల్లగా నెట్టారు. వాల్వు మళ్లీ కిందికొచ్చిన చోట ఇంకో గీత. టేపు పెడితే మధ్యలో 152 సెంటీమీటర్లు.

"ఇది నిమిషానికి 201 చుట్లు తిరిగే మోటరు సార్. పెద్ద సైకిల్ కోసం చేసింది. మీ చిన్న చక్రంల వేస్తే గంటకు 18 దాటదు. లెక్క చేసుకోండ్రి."

అక్కడే ఫోనులో లెక్క వేశాను. 26 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకు రెండు మీటర్ల పైన పోతుంది. అందులో ఈ మోటారు సరిగ్గా 25 కిలోమీటర్ల వేగం ఇస్తుంది. నాది 20 అంగుళాల చక్రం. అదే వేగం కావాలంటే నిమిషానికి 274 చుట్లు తిరగాలి. మనిషి బరువు పడితే చుట్లు తగ్గుతాయి కాబట్టి ఉస్తాద్ 300 దాటిన మోటారు తీశారు. అదీ 250 వాట్లదే. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అంతకంటే పెద్దది వేయమని వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారట. ఆయన వెయ్యరు.

నా అవసరం చిన్నది. మలక్‌పేట నుంచి ఖైరతాబాద్ దాకా తొమ్మిది కిలోమీటర్లు. లిఫ్టు లేని మూడో అంతస్తులో ఇల్లు. కింద పెడితే సైకిలు తెల్లారేసరికి ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకే మడత సైకిలు కొన్నాను. ఇంట్లో తలుపు వెనక, ఆఫీసులో బల్ల కింద ఇమిడిపోతుంది. కానీ ఎండాకాలంలో చాదర్‌ఘాట్ వంతెన దాటేసరికే చొక్కా తడిసి ముద్దయ్యేది. సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ మళ్లీ సున్నా నుంచి తొక్కుడు. ఆ లేవడం దగ్గరే ఓపికంతా హరించుకుపోయేది.

చిన్న చక్రానికి ఉన్న మేలు అక్కడే తెలుస్తుందని ఉస్తాద్ వివరించారు. మోటారు తిప్పే బలం ఒకటే అయినా, చక్రం చిన్నదైతే రోడ్డు మీద నెట్టుడు ఎక్కువ. 30 న్యూటన్ మీటర్ల మోటారు పెద్ద చక్రంలో 90 న్యూటన్లు నెడితే, నా చక్రంలో 125 దాకా నెడుతుంది. ఊళ్లో ప్రయాణానికి కావాల్సింది ఆ బలమే. గట్టిగా పరుగెత్తడం కంటే ఆగిన చోటి నుంచి చటుక్కున లేవడం ముఖ్యం.

అయినా ఆయన వెంటనే మోటారు బిగించలేదు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకు అయస్కాంతం తాకించి చూశారు. అతుక్కుంది, అంటే ఉక్కుదే. అల్యూమినియం అయితే ముందు చక్రంలో మోటారు వేయడానికి ఆయన ఒప్పుకోరు. ఫోర్కు కాళ్ల మధ్య ఎడం కొలిచారు, 100 మిల్లీమీటర్లు. మామూలు సైకిలు కొలతే. లండన్‌లో ఆండ్రూ రిచీ రూపొందించిన బ్రాంప్టన్ లాంటి మడత సైకిళ్లలో ఆ ఎడం 74 మాత్రమే. వాటికి వేరే సన్నని మోటారు కావాలి.

తర్వాత నా అరచేతిలో మోటారు ఇరుసు పెట్టారు. రెండు పక్కలా చదును చేసి ఉంది. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది ఆ చదునులే. పది మిల్లీమీటర్ల ఎడంలో 30 న్యూటన్ మీటర్లంటే, అంచుల మీద దాదాపు 300 కిలోల ఒత్తిడి. ఫోర్కు గాడి మెల్లగా విచ్చుకుంటే ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద చక్రం ఊడి వస్తుంది. అందుకే ఇరుసుకు ఒక ఉక్కు పట్టీ తొడిగి, దాని రెండో కొస పది సెంటీమీటర్ల పైన ఫోర్కు కాలికి బిగించారు. అక్కడ అదే ఒత్తిడి 30 కిలోలకు దిగిపోతుంది. టార్క్ ఆర్మ్ అనే ఆ పట్టీ ఈ పని మొత్తంలో అతి చవకైన వస్తువు. నా ప్రాణం దాని మీదే ఆధారపడి ఉందని ఆ రోజే తెలిసింది.

బ్రేకుల రబ్బర్లు కొత్తవి పడ్డాయి. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో ఆగే సైకిలు, 25 వేగంలో ఆగాలంటే దాదాపు మూడింతల దూరం తీసుకుంటుంది. బ్రేకు పట్టిన క్షణంలోనే మోటారుకు కరెంటు తెగిపోయేలా లివర్లలో స్విచ్చులు పెట్టారు.

బ్యాటరీకి ఇరవై సెల్లులు. ఒక్కొక్కటి 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. రెండేసి జతకట్టి, పది జతలను వరసగా కలిపితే 36 వోల్టులు, 7 ఆంపియర్ అవర్లు. అంటే 252 వాట్ అవర్లు. నేనూ తొక్కుతుంటాను కాబట్టి కిలోమీటరుకు పది చొప్పున వేసుకున్నా పాతిక కిలోమీటర్లు వస్తుంది. నా రానూపోనూ పద్దెనిమిదే. పాత ల్యాప్‌టాపుల సెల్లులు చవగ్గా దొరుకుతాయి కదా అని అడిగాను. ఆయన గొంతు మారింది. "ఇంట్ల పిల్లలు పండుకుంటరు సార్. అసొంటి పని నాతోని కాదు." ఒక్కో సెల్లు వోల్టేజీ మీటరుతో చూసి, నికెల్ పట్టీలను స్పాట్ వెల్డింగు చేసి, ఏ జతా మితిమీరి నిండకుండా, అడుగంటకుండా కాపాడే బోర్డు కలిపారు. ఎండలో తిరిగొచ్చాక చల్లారనిచ్చి ఛార్జి పెట్టాలని, రాత్రి నిద్రపోయే ముందు ప్లగ్గు తీసేయాలని రెండుసార్లు చెప్పించుకున్నారు.

ఎక్కువ సమయం పట్టింది వైర్లకు. మడత కీలు దగ్గర వైరు బిగుతుగా ఉంటే తెగుతుంది, వదులుగా ఉంటే నలుగుతుంది. ఉస్తాద్ సైకిలును మడిచారు, విప్పారు, మళ్లీ మడిచారు. పది సార్లు చూశాకే ఒక చిన్న మెలిక వదిలి ట్యాగులు బిగించారు. మోటారు పెట్టినా మడత పోకూడదన్న పట్టుదల నాకంటే ఆయనకే ఎక్కువ.

పని పూర్తయిన సాయంత్రం పరీక్షగా ఫ్లైఓవర్ ఎక్కాను. నేనూ సైకిలూ కలిపి 95 కిలోలు. నూటికి ఐదు లేచే ఎత్తులో 18 వేగంతో పోవాలంటే దాదాపు 300 వాట్లు కావాలి. నా కాళ్లు తీరిగ్గా ఇవ్వగలిగింది అందులో నాలుగో వంతు. మిగతాది చక్రం మధ్యలోంచి సన్నగా గుర్రుమంటూ వచ్చింది. పైకి చేరేసరికి ఊపిరి మామూలుగానే ఉంది. బస్సు కోసం నిలబడే సమయంతో కలిపి 50 నిమిషాలు పట్టే దూరం ఇప్పుడు అరగంట. చెమట పట్టదు, పార్కింగు వెతుక్కునే పని లేదు.

ఆ సాయంత్రం దుకాణానికి తిరిగొచ్చి, డబ్బులిచ్చి బయల్దేరుతుంటే ఉస్తాద్ ఎర్ర నెయిల్‌పాలిష్ సీసా తీశారు. ఇరుసు నట్టు మీది నుంచి ఫోర్కు మీదికి ఒకే గీత గీశారు. "వంద కిలోమీటర్లు తిరిగినంక తీస్కరాండ్రి, మళ్ల బిగిస్త. అప్పటిదాంక ఈ గీత సక్కగుందో లేదో రోజూ చూడుండ్రి. పక్కకు జరిగిందంటే నట్టు వదులైనట్టు. ఎక్కొద్దు."

రోజూ పొద్దున మెట్లు దిగి, సైకిలు విప్పి, ఎక్కే ముందు వంగి ఆ గీత చూసుకుంటాను. తిన్నగా ఉంటేనే పెడల్ మీద కాలు పెడతాను.