ఆట బంగారం... కోపమే గండం!

మా డల్లాస్‌లో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే మూడే టాపిక్‌లు... వీసా, ఇంటి లోను, కొత్త సినిమా. సెప్టెంబర్ వచ్చిందంటే నాలుగోది చేరుతుంది. అదే డల్లాస్ కౌబాయ్స్! 2025లో మాత్రం ఆ గోల మే నెలలోనే మొదలైపోయింది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ నుంచి జార్జ్ పికెన్స్ అనే రిసీవర్‌ని మా టీమ్ తెచ్చుకుంది మరి! గాల్లోకి ఎగిరి ఒంటిచేత్తో బంతి పట్టాడంటే నోరెళ్లబెట్టి చూడాల్సిందే. చిరాకొస్తే మాత్రం దాచుకోవడం చేతకాదు. పిట్స్‌బర్గ్‌లో ఉండగా కట్టిన ఫైన్లు, సైడ్‌లైన్ దగ్గర అలకలు అప్పటికే వార్తలకెక్కాయి.

మా వాట్సాప్ గ్రూపు రెండుగా చీలిపోయింది. ‘ఉన్న తలనొప్పులు చాలవా, కొత్తది కొని తెచ్చుకోవాలా?’ అని ఒక వర్గం. ‘మనకి కావాల్సింది పాయింట్లు, మర్యాద రామన్న కాదు’ అని ఇంకో వర్గం. మీరెటువైపు?

ఆగండాగండి. ఫుట్‌బాల్ అంటే మెస్సీ ఆడేది కాదు. ఇది అమెరికా ఫుట్‌బాల్. కోలగా, గుడ్డులా ఉండే బంతి. క్వార్టర్‌బ్యాక్ విసురుతాడు, రిసీవర్ పరిగెత్తుతూ పట్టుకుంటాడు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఒక మ్యాచ్‌లో ఒక్కో టీమ్‌కి 60 చిల్లర అవకాశాలు వస్తాయి. ఎంత గొప్ప రిసీవరైనా అతని వైపు బంతి వచ్చేది పదిసార్లు, అటూ ఇటూగా. మిగతా అన్నిసార్లూ పరిగెత్తడమే. తనని కాపలా కాసేవాణ్ణి తప్పించుకుని, ఖాళీ చోటు వెతుక్కుని, చేయెత్తి చూస్తే బంతి ఇంకెవరికో వెళ్లిపోతుంది.

పెళ్లి బంతిలో ఆకలితో కూర్చున్నప్పుడు వడ్డించేవాడు మన విస్తరి దాటేసి పక్కవాడికి రెండోసారి వేస్తే ఎలా ఉంటుంది? రిసీవర్‌కి ప్రతి ఆదివారం అలాగే ఉంటుంది, అదీ వేలమంది చూస్తుండగా. అందుకే ఈ ఆటలో కోపిష్ఠి స్టార్లు ఎక్కువగా ఈ వరసలోనే కనిపిస్తారు. నాకు బంతి కావాలి అనే ఆ కసే వాళ్లని గొప్పవాళ్లని చేస్తుంది. గొడవలు తెచ్చేదీ అదే.

తమాషా ఏంటంటే, ఈ ప్రశ్నకి మా కౌబాయ్స్ ‘వద్దు’ అనీ చూశారు, ‘సరే’ అనీ చూశారు.

1998లో వద్దన్నారు. కాలేజీ కుర్రాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ర్యాండీ మాస్ ఉన్నాడు. ఆటలో సాటిలేడు. కానీ చిన్న వయసులోనే గొడవలు, జైలు. భయపడి చాలా టీమ్‌లు పక్కకి తప్పుకున్నాయి. ఎనిమిదో వంతు వచ్చిన కౌబాయ్స్ కూడా ఇంకొకణ్ణి తీసుకున్నారు. మాస్ 21వ వంతులో మిన్నెసోటా వైకింగ్స్‌కి వెళ్లాడు. ఆ నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ రోజున డల్లాస్ వాళ్ల సొంత మైదానానికి వచ్చి పట్టింది మూడంటే మూడు బంతులు. మూడూ టచ్‌డౌన్లే! వైకింగ్స్ 46-36తో గెలిచారు.

2006లో సరేనన్నారు. ఈసారి టెరెల్ ఓవెన్స్. ఇతని కథ ఇంకా మసాలా. 2000లో శాన్‌ఫ్రాన్సిస్కో తరఫున ఆడుతూ, ఇప్పుడు నేనుండే ఇర్వింగ్‌లోని పాత స్టేడియంలో టచ్‌డౌన్ కొట్టి, నేరుగా మైదానం మధ్యకి పరిగెత్తి కౌబాయ్స్ నక్షత్రం గుర్తు మీద నిలబడి చేతులు చాచాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. సొంత కోచే వారం సస్పెండ్ చేశాడు. అలాంటివాణ్ణి ఆరేళ్ల తర్వాత కౌబాయ్స్ ఓనర్ జెర్రీ జోన్స్ ఏరికోరి తెచ్చుకున్నాడు. ఓవెన్స్ ఇక్కడ మూడు సీజన్లలో 38 టచ్‌డౌన్లు పట్టాడు. ఆ మూడేళ్లలో టీమ్ గెలిచిన ప్లేఆఫ్ మ్యాచ్‌లు మాత్రం సున్నా. 2009లో పంపించేశారు.

అంటే వద్దన్నా ఏడవాలి, సరేనన్నా ఏడవాలా? కాదు. ఇద్దరి కథా ఇంకొంచెం చూడండి.

ఓవెన్స్ డల్లాస్‌కి ముందు ఫిలడెల్ఫియా ఈగల్స్‌లో ఉన్నాడు. 2004 డిసెంబర్‌లో కాలు విరిగింది. డాక్టర్ వద్దంటున్నా ఏడు వారాలకే సూపర్‌బౌల్‌లో దిగి 9 బంతులు పట్టి 122 గజాలు సాధించాడు. టీమ్ ఓడిపోయింది గానీ, ఆ రోజు అతన్ని ‘స్వార్థపరుడు’ అనగలిగేవాళ్లెవరు? మరుసటి ఏడాది జీతం పేచీ, క్వార్టర్‌బ్యాక్‌తో మాటల యుద్ధం. ఏడు మ్యాచ్‌లకే సస్పెన్షన్. అంతకుముందు 13-3తో ముగించిన ఈగల్స్ ఆ ఏడాది 6-10కి పడిపోయారు. మనిషి అతనే, కాలు విరిగినా ఆడిందీ అతనే, ఇంటికి నిప్పు పెట్టిందీ అతనే.

ఇక మాస్. 2006లో ఓక్లండ్ రైడర్స్‌లో ఉన్నాడు. టీమ్ గెలిచింది 16లో రెండు. అతనివి మూడే టచ్‌డౌన్లు. పనైపోయిందన్నారు. 2007లో న్యూఇంగ్లండ్ పేట్రియట్స్‌కి మారాడు. రావాల్సిన జీతం బాగా తగ్గించుకుని ఒక్క ఏడాది ఒప్పందానికి ఒప్పుకున్నాడు. ఆ సీజన్‌లో 23 టచ్‌డౌన్లు! అది రికార్డు. ఒక్క ఏడాదిలో మనిషి స్వభావం మారిపోతుందా? మారలేదు. ఇల్లు మారింది. అక్కడ బిల్ బెలిచిక్ అనే కోచ్ ఉన్నాడు, స్టార్ అయినా సరే ‘కుదరదు’ అని ముఖం మీదే చెప్పే రకం. బంతి విసిరేది టామ్ బ్రేడీ. 2010లో అదే మాస్ మళ్లీ మిన్నెసోటా వెళ్తే నాలుగే మ్యాచ్‌లకి సాగనంపారు. అక్కడ కోచ్ పరిస్థితే బాగాలేదు, అదే నెలలో ఆయన ఉద్యోగమూ పోయింది.

అందుకే, ‘వాడు మంచోడా, చెడ్డోడా’ అని కొట్టుకోవడం దండగ అనిపిస్తుంది నాకు. అడగాల్సింది మన ఇంటి గురించి. అతనికి ‘కాదు’ అని చెప్పగల మనిషి మన దగ్గర ఉన్నాడా? తేడా వస్తే బయటికి దారి ఉందా? అన్నిటికంటే ముఖ్యం, అతని కోపానికి బిల్లు కట్టేది ఎవరు?

ఆ మూడోదాన్ని ఎవరూ అడగరు. టీమ్‌లో 53 మంది ఉంటారు. అందరి జీతాలకీ కలిపి లీగ్ పెట్టే పరిమితి ఒకటుంటుంది, 2025లో అది 27.92 కోట్ల డాలర్లు. స్టార్‌కి ఎక్కువిస్తే ఇంకెవరి వాటానో తగ్గుతుంది. డబ్బు లెక్క సరే, కాగితం మీద ఉంటుంది. స్టార్ అలిగినప్పుడు నోరు మూసుకుని పనిచేసుకుపోయేవాడి ఓపికకి ఏ లెక్కా లేదు.

ఇది ఆట గొడవే అయితే ఇంత రాసేదాన్ని కాదు. గత నెల మా మేనేజర్ ఒక రెజ్యూమె పంపి ‘ఇతను నీకు తెలుసట కదా, తీసుకుందామా?’ అని అడిగారు. తెలుసు. పాత కంపెనీలో ఒకే టీమ్. అర్ధరాత్రి సిస్టమ్ పడిపోతే అరగంటలో లేపి నిలబెట్టేవాడు. అలాంటి బుర్ర నేను మళ్లీ చూడలేదు. కానీ కాల్‌లో ఎవరైనా డౌట్ అడిగితే ‘ఇది కూడా తెలీదా?’ అని పదిమంది ముందు కడిగిపారేసేవాడు. పైవాళ్లు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లు.

అప్పుడే కొత్తగా చేరిన గుంటూరు అమ్మాయి ఉండేది. మీటింగ్‌లో అడగడానికి భయపడి, ‘అక్కా, ఇది కొంచెం చెప్పవా?’ అని నాకు విడిగా మెసేజ్ పెట్టేది. కొన్నాళ్లకి అడగడం మానేసింది. తర్వాత ఉద్యోగమే మానేసింది. చదువయ్యాక వచ్చే ఓపీటీ మీదుంది తను. ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు దాటకూడదు. ఆ గడువు తెలిసి కూడా వెళ్లిపోయిందంటే ఎంత విసిగిపోయి ఉండాలి! అతను కాపాడిన సిస్టమ్‌ల గురించి స్లైడ్లు వేశారు. ఆమె పేరు ఏ స్లైడ్‌లోనూ రాలేదు.

అయినా మా మేనేజర్‌కి ‘వద్దు’ అని చెప్పలేదు. మనిషిని పాత మచ్చతోనే కొలిస్తే, మాస్‌ని వద్దన్న టీమ్‌ల లిస్టులో మనమూ చేరతాం. ‘తీసుకుందాం. ముందు ఆర్నెల్ల కాంట్రాక్ట్ ఇవ్వండి. మొదటిసారి ఎవరి మీదైనా అరిచిన రోజే అతన్ని పిలిచి మాట్లాడేది మీరని నాకు మాటివ్వండి. జూనియర్ల పనిని అతని చేతికివ్వకండి’ అన్నాను.

‘ఈ షరతులకి అతను ఒప్పుకోకపోతే?’ అన్నారు.

‘మంచిదేగా. ఆర్నెల్ల తర్వాత తెలిసేది ఈరోజే తెలుస్తుంది.’

పికెన్స్ విషయంలోనూ నాది ‘తీసుకోవచ్చు’ పార్టీయే. వచ్చినప్పుడు అతని ఒప్పందంలో మిగిలింది ఒక్క సీజనే, అంటే తలుపు తెరిచే ఉంది. మొదటి సీజన్‌లో వెయ్యి గజాలు దాటాడు కూడా. పెద్ద ఒప్పందం చేతికొచ్చాక, తలుపు మూసుకున్నాక ఎలా ఉంటాడన్నదే అసలు పరీక్ష.

మా ఆఫీసులో నిర్ణయం ఇంకా రాలేదు. నా షరతుల్లో మేనేజర్ ఎక్కువసేపు ఆలోచించింది మాత్రం కాంట్రాక్ట్ గురించి కాదు. అరిచిన రోజే పిలిచి మాట్లాడతానని మాటివ్వడం గురించి. మీ టీమ్‌లో ఆ పని చేసేది ఎవరు? పేరు వెంటనే గుర్తొస్తే స్టార్‌ని ధైర్యంగా తెచ్చుకోండి.