ఒకసారికి ఒక్కటే!

మెట్ల కింద బండి ఉంది. దాని ముందు తండ్రీ కొడుకూ నిలబడి ఉన్నారు. ఇద్దరి మధ్యా మాటల్లేవు.

గుంటూరులో ఓ మధ్యతరగతి ఇల్లు. బండేమో యమహా ఆర్‌ఎక్స్ 100. లెక్కల మాస్టారు 1993లో జీపీఎఫ్ మీద అప్పు తీసుకుని మరీ కొన్నారు. తెనాలి దారిలో ఓ ఊరి హైస్కూల్లో ఉద్యోగం. రోజూ రానూపోనూ 40 కిలోమీటర్లు. ఎండైనా వానైనా ఒక్క కిక్కుకే లేచేది. సాయంత్రం వీధి మొదట్లో ఆ చప్పుడు వినపడితే చాలు... ఇంట్లో పిల్లాడు టీవీ కట్టేసి పుస్తకం ముందేసుకునేవాడు. అదీ దాని పరపతి!

ఆ రోజుల్లో ఈ బండికున్న మోజు అంతా ఇంతా కాదు. మన దేశంలో 1985లో వచ్చి, 1996లో తయారీ ఆగిపోయింది. ఇంజిను చూస్తే 98 సీసీ. బరువు చూస్తే వంద కిలోల అటూ ఇటూ. అంత తేలికపాటి బండికి 11 గుర్రాల బలం. యాక్సిలేటర్ తిప్పితే చాలు, ముందుకు దూకేది. ఆగిపోయి ఇన్నేళ్లయినా బాగున్న బండి కనిపిస్తే కుర్రాళ్లు ఇప్పటికీ బేరం పెడతారు.

మాస్టారు రిటైరయ్యాక బండి మూలనపడింది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కొడుకు 2023లో దాన్ని బయటికి తీశాడు. నాన్న బండికి కొత్త ప్రాణం పోద్దామని ముచ్చటపడ్డాడు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీయించి గరాటులాంటి ఫిల్టరు పెట్టించాడు. కంపెనీ సైలెన్సర్ ఊడదీయించి, మధ్యలో లావుపాటి పొట్ట ఉండే చాంబర్ బిగించాడు. కార్బరేటర్‌లో మెయిన్ జెట్టు రంధ్రాన్ని తీగతో గెలికించి పెద్దది చేయించాడు. ఆయిల్ పంపు పాతదైపోయింది, నమ్మలేమని ఎవరో అంటే దాన్నీ తీయించి, పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోయడం మొదలెట్టాడు. నాలుగు మార్పులు... ఒకే మధ్యాహ్నంలో!

ఆ సాయంత్రం వాకిట్లో కూర్చున్న మాస్టారు చప్పుడు విని తలెత్తారు. ‘‘ఇది మన బండి కాదు’’ అని లోపలికెళ్లిపోయారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు.

తలో మాట

చప్పుడు పెరిగింది గానీ బండి పరుగు తగ్గింది. పొద్దున్నే పది కిక్కులు కొడితే గానీ లేవదు. లేచాక చేయి తీసేసినా ఇంజిను వేగం వెంటనే దిగదు, పూనకం వచ్చినట్టు ఊగుతూ ఉంటుంది. సగం యాక్సిలేటర్ దగ్గర గుక్క పట్టినట్టు ఆగి, నల్లగా పొగ చిమ్మి, అప్పుడు కదులుతుంది.

ఒక మెకానిక్ జెట్టు అన్నాడు. ఇంకొకరు పాయింట్లు అన్నారు. మూడో అతను కార్బరేటర్ విప్పి సూదికి ఉండే క్లిప్పును కింది గాడిలోకి మార్చాడు. ఇంజిను ఎక్కడ పట్టేస్తుందోనన్న భయంతో అబ్బాయి ఆయిల్ పాలు పెంచాడు. ప్రతి మార్పుకీ రెండ్రోజులు బాగున్నట్టే ఉండేది. మూడోరోజు మళ్లీ మామూలే.

2025 సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అమ్మను వెనక ఎక్కించుకుని తెనాలిలో చుట్టాలింటికి బయల్దేరాడు. బుడంపాడు దాటాక ఖాళీ రోడ్డు చూసి వేగం పెంచాడు. కాసేపటికి ఇంజిను మూలిగింది. అంతలోనే వెనక చక్రం బిగుసుకుపోయింది. అబ్బాయికి క్లచ్ పట్టుకోవాలని తోచింది కాబట్టి సరిపోయింది. బండి జారుకుంటూ మట్టిలోకి దిగి ఆగింది. అమ్మ మోచెయ్యి గీరుకుపోయింది. వెనకే వస్తున్న లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక మాస్టారు ఒకే మాటన్నారు. ‘‘అమ్మేయ్.’’

ఇంకో ఇంటి పిల్లాడు

అమ్మడం ఎంతసేపు! వేసవిలో ఓ డిగ్రీ కుర్రాడు ఆదివారం వచ్చి చూస్తానన్నాడు. ధర కూడా ఫోన్లోనే ఇంచుమించు కుదిరింది. బండి చల్లారాక మళ్లీ స్టార్టవుతోంది కాబట్టి పైకి ఏమీ తెలియదు. శనివారం రాత్రి భోజనాల దగ్గర మాస్టారు అన్నం కలుపుతూ అడిగారు.

‘‘ఇట్టాగే అమ్ముతావంట్రా?’’

‘‘ఉన్నదున్నట్టు చెప్పే అమ్ముతా నాన్నా.’’

‘‘ఏం చెప్తావ్? దానికేమైందో నీకు తెలిస్తే గదా చెప్పటానికి! రేపు దాని మీద ఎక్కేది ఇంకో ఇంటి పిల్లాడు. వాడి వెనకా ఒక అమ్మ కూర్చుంటది.’’

అబ్బాయి మాట్లాడలేదు. చేయి కడుక్కుని ఆ కుర్రాడికి ఫోన్ చేశాడు, ఓ రెండు నెలలు ఆగమని.

మర్నాడు పొద్దున ఆటో ట్రాలీలో బండిని భాయ్ షెడ్డుకు తీసుకెళ్లారు. ఒకప్పుడు మాస్టారి బండి చూసింది ఆయనే. ఇప్పుడు డెబ్బైకి దగ్గర పడ్డాడు. కళ్లద్దాలు పైకి నెట్టుకుని బండి చుట్టూ ఓసారి తిరిగాడు.

‘‘ఏంది మాస్టారూ, బిడ్డకి ఇన్ని వేషాలేశారు?’’

కొడుకు తల దించుకున్నాడు. మాస్టారు కూడా.

సిలిండర్ విప్పితే పిస్టన్ పక్కల మీద నిలువు గీతలు. వేడెక్కి, ఉబ్బి, సిలిండర్ గోడను పట్టేసిన గుర్తులవి. సిలిండర్‌ను లేత్‌కి పంపి బోరు కొట్టించి, సైజు పెంచిన పిస్టన్ వేశాడు. అక్కడితో పని అయిపోయిందనుకున్నాడు అబ్బాయి.

‘‘పట్టేసినదాన్ని విడిపించాం బాబూ, అంతే! ఎందుకు పట్టేసిందో కనుక్కోకపోతే మళ్లీ పట్టేసిద్ది. ముందు కంపెనీవాడు ఎట్టా ఇచ్చాడో అట్టా చెయ్యాలి. ఆ తర్వాత ఏం మార్చినా ఒకసారికి ఒక్కటే!’’

పాత చొక్కా

కంపెనీ సైలెన్సర్, ఫిల్టర్ డబ్బా ఎక్కడివి ఇప్పుడు? అబ్బాయి పాత సామాన్ల కొట్లన్నీ తిరుగుదామని లేచాడు. మాస్టారు ఏమీ అనకుండా ఇంటికెళ్లి, అటక మీంచి గోనెసంచి దింపి తెచ్చారు. కొడుకు పారేసినవన్నీ అందులోనే ఉన్నాయి. ఆయిల్ పంపుతో సహా. తుప్పు పట్టకుండా గ్రీజు రాసి, పాత చొక్కా చుట్టి మరీ దాచారు.

సైలెన్సర్ అంటే చప్పుడు తగ్గించే గొట్టమే కదా అనుకుంటారు చాలామంది. టూ స్ట్రోక్ బండికి అది ఇంజినులో సగం. ఇందులో పొగ బయటికి పోయే దారిని మూసే వాల్వు ఉండదు. పొగతోపాటు కాస్త కొత్త మిశ్రమం కూడా జారిపోతుంది. సైలెన్సర్ లోపలి ఆకారానికి తగిలి వెనక్కి తిరిగొచ్చే ఒత్తిడి అలే దాన్ని మళ్లీ సిలిండర్లోకి నెడుతుంది. ఆ అల ఏ వేగం దగ్గర సరిగ్గా అందాలో గొట్టం పొడవును బట్టి, ఆకారాన్ని బట్టి ఉంటుంది. ఇంజినుకు కుదరని చాంబర్ పెడితే పెరిగేది చప్పుడే.

ఇక కార్బరేటర్. పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 15 పాళ్ల గాలి కావాలి. గాలి ఎక్కువైతే ఇంజిను కాగిపోతుంది. పెట్రోలు ఎక్కువైతే నల్లటి పొగ, గుక్క. అబ్బాయి బండిలో ఈ రెండు లక్షణాలూ ఉన్నాయి. మెకానిక్‌లు తలో మాట చెప్పింది అందుకే. ఎవరికి కనిపించింది వాళ్లు చెప్పారు.

భాయ్ జెట్టును దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాడు. ‘‘దీని మీద నంబరుంది గానీ ఆ నంబరు అబద్ధం. తీగతో గెలికాక ఇది ఏ సైజో దేవుడికే తెలవాలి’’ అంటూ చెత్తబుట్టలో పడేశాడు. కంపెనీ నంబరుది కొత్తది వేశాడు. సూది క్లిప్పును మధ్య గాడిలోకి తెచ్చాడు. పాయింట్ల మధ్య సందు గేజీతో కొలిచి 0.35 మిల్లీమీటర్లకు సర్దాడు. ఆయిల్ పంపును శుభ్రం చేసి మళ్లీ బిగించాడు.

ఆయిల్ పెంచిన సంగతి విని నవ్వాడు. పెట్రోల్లో ఆయిల్ పాలు పెరిగితే జెట్టులోంచి వచ్చే చుక్కలో పెట్రోలు అంతమేరకు తగ్గినట్టే కదా! ఇంజినును కాపాడాలని పోసిన ఆయిలే దాన్ని మరికాస్త వేడెక్కించింది.

అన్నీ కంపెనీ లెక్కకొచ్చాయి. స్టార్ట్ చేస్తే పొగ లేదు, గుక్క లేదు. కానీ చేయి తీసేస్తే ఇంజిను వేగం ఇంకా వెంటనే దిగడం లేదు. భాయ్ ముఖం వెలిగింది. ‘‘ఇదిగో, ఇప్పుడు అసలు దొంగ ఒక్కడే మిగిలాడు.’’

పక్క ఇస్త్రీ బండి మీంచి నీళ్లు చల్లే సీసా తెప్పించాడు. ఇంజిను తిరుగుతుండగా కార్బరేటర్‌ను ఇంజినుకు కలిపే రబ్బరు మీద సన్నగా కొట్టాడు. చప్పుడు ఒక్కసారిగా మారి, వేగం పడిపోయింది. రబ్బరు కింది వైపు, కంటికి కనిపించని చోట పగులు! ఫిల్టర్ డబ్బా ఉన్నప్పుడు కార్బరేటర్‌కు వెనక నుంచి ఆసరా ఉండేది. అది తీసేశాక రబ్బరు మీదే వేలాడుతూ, అదురుతూ అదురుతూ చివరికి రబ్బరు చీరింది. ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోయింది. పైన సూది, జెట్టు ఎక్కువ పెట్రోలు పోస్తుంటే ఆ తప్పు కింద ఈ తప్పు దాక్కుంది.

లాంగ్ నోట్‌బుక్

కొత్త పిస్టన్ కాబట్టి 500 కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పాలి. అబ్బాయికి సోమవారం ఆఫీసు. మరి ఎవరు తిప్పాలి? ‘‘చూద్దాంలే’’ అన్నారు మాస్టారు. మర్నాడు తెల్లవారుజామునే నారాకోడూరు దాకా వెళ్లొచ్చారు. అలా రోజూ. దుకాణంలో ఓ లాంగ్ నోట్‌బుక్ కొని, స్కేలు పెట్టి గళ్లు గీశారు. తేదీ, ఎండ, కిలోమీటర్లు, ఏం మార్చాం, ప్లగ్గు రంగు. రాత్రి ఫోన్లో కొడుక్కి చదివి వినిపించేవారు. ఆఫీసులో అబ్బాయి చేసే పనీ అదే. ప్రోగ్రాములో తప్పు వెతికేటప్పుడు ఒకేసారి రెండు చోట్ల మార్చడు. ఎప్పుడు ఏం మార్చాడో రాసుకుంటాడు. బండి దగ్గరికొచ్చేసరికి ఎందుకు మర్చిపోయాడో అతనికే తెలియదు.

500 దాటాక ఇద్దరూ కలిసి కూర్చున్నారు. యాక్సిలేటర్ పిడి మీద నాలుగు చోట్ల తెల్లటి టేపు ముక్కలు అంటించారు. పావు వరకు నడిపేది చిన్న జెట్టు, గాలి స్క్రూ. పావు నుంచి ముప్పావు దాకా సూది. ఆపైన మెయిన్ జెట్టు. ఏ టేపు దగ్గర తడబడితే ఆ భాగమే చూడాలి. మిగిలినవి ముట్టుకోకూడదు. ఖాళీ రోడ్డు మీద కాసేపు ఒకే టేపు దగ్గర నడిపి, క్లచ్ పట్టి ఇంజిను ఆపేసి, ప్లగ్గు విప్పి చూడాలి. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నంలా తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. టీ రంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు.

అన్నీ సరిపోయాయి గానీ పై టేపు దగ్గర మాత్రం ప్లగ్గు కాస్త తెల్లబడింది. భాయ్‌కి ఇది ముందే తెలుసు. మన పెట్రోల్లో 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌లో సహజంగానే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి గాలి పాలు పెరిగినట్టే లెక్క. ముప్పై ఏళ్లు దాటిన కార్బరేటర్‌కు ఆ సంగతి తెలియదు. మెయిన్ జెట్టు ఒక్క నంబరు పెంచారు. పుస్తకంలో ఒక్క వరుస రాశారు. ప్లగ్గు టీ రంగుకొచ్చింది.

చెప్పినట్టే డిగ్రీ కుర్రాడు వచ్చాడు. వీధి చివరిదాకా నడిపి వచ్చి, బండి దిగి చెవి పెట్టి విన్నాడు. ‘‘బాగానే లాగుతుంది అంకుల్. కానీ సౌండ్ లేదే!’’ అన్నాడు. చాంబర్ ఉంటే తీసుకుంటానన్నాడు. లేదన్నారు మాస్టారు. ఆ కుర్రాడు వెళ్లిపోయాక తండ్రీ కొడుకూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చాలా రోజులకు ఆ ఇంట్లో ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

సాయంత్రం అమ్మ సంచులు పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. మోచేతి మీద మచ్చ ఇంకా పూర్తిగా పోలేదు. ‘‘రైతుబజారుకెళ్లాలి. ఎవరు తీసుకెళ్తారో తేల్చుకోండి’’ అంది. మాస్టారు తాళం తీసి కొడుకు చేతిలో పెట్టారు.

ఆ రాత్రి లాంగ్ నోట్‌బుక్‌లో కొత్త వరుస పడింది. ఈసారి రాసింది కొడుకు.

‘‘ఆదివారం. ఉక్కపోత. మనుషులు ఇద్దరు, కూరగాయల సంచులు రెండు. మార్పులు: ఏమీ లేవు. ప్లగ్గు: టీ రంగు.’’