రాజుగారి కోట

చదరంగంలో రాజు కోసమే యుద్ధమంతా జరుగుతుంది. కాని ఆ రాజుకు ఉన్న బలం చాలా స్వల్పం. ఏనుగు అడ్డు లేనంత దూరం సాగిపోతుంది. గుర్రం నడుమనున్న పావుల మీదుగా దూకుతుంది. మంత్రి సంగతి చెప్పనే అక్కరలేదు. రాజు మాత్రం గడి తరువాత గడిగా నడవవలసిందే. అట్టివాడికి ఆట మొత్తంలో ఒకే ఒక్కసారి రెండు గళ్లు జరిగే అవకాశం ఉంది. దానినే కాస్లింగ్ అంటారు. నాకు మాత్రం 'కోట కట్టడం' అనే మాటే ఇష్టం.

కట్టే పద్ధతి తేలికే. రాజును ఏనుగు వైపు రెండు గళ్లు జరిపి, ఆ ఏనుగును రాజు దాటివచ్చిన గడిలో నిలపాలి. ముందుగా రాజునే తాకాలి. ఏనుగును తాకి ఆ తరువాత రాజును పట్టుకుంటే, పోటీలలో ఆ ఎత్తుకు ఆ ఏనుగుతో కోట కట్టనివ్వరు.

చిక్కంతా నిబంధనలలో ఉంది. రాజు గాని, ఆ ఏనుగు గాని అంతకుముందు కదిలి ఉండరాదు. కదిలి స్వస్థానానికి తిరిగివచ్చినా ఆ హక్కు పోయినట్లే. రెండింటి నడుమ ఏ పావూ ఉండరాదు. రాజు చెక్‌లో ఉండగా కట్టరాదు. రాజు దాటే గడి, చేరే గడి శత్రువు దెబ్బకు అందేవి కారాదు. ఒకసారి చెక్ పడితే ఇక కోట లేదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రాజును కదపకుండా ఆ చెక్‌ను తప్పించుకుంటే తరువాత నిక్షేపంగా కట్టుకోవచ్చు.

ప్రమాదాన్ని గురించిన ఈ నిబంధనలన్నీ రాజుకే గాని ఏనుగుకు కావు. ఏనుగు మీద దాడి ఉన్నా అభ్యంతరం లేదు. మంత్రి వైపు కోటలో ఏనుగు పక్కనున్న గడిని శత్రువు కాచుకొని ఉన్నా ఫరవాలేదు. ఆ గడి మీదుగా ఏనుగే పోతుంది, రాజు పోడు. ఈ సందేహం మహామహులకే కలిగింది. 1974లో మాస్కోలో కార్పోవ్‌తో జరిగిన కాండిడేట్స్ తుది పోరు 21వ ఆటలో, ఏనుగు మీద దాడి ఉండగా కోట కట్టవచ్చునా అని కోర్చ్‌నోయ్ నిర్ణేతను అడిగాడు. కట్టవచ్చునని తెలుసుకొని 18వ ఎత్తులో కట్టాడు. మరుసటి ఎత్తుతోనే గెలిచాడు. అంతటివాడు నలుగురి ఎదుట అలా అడగడం నాకు ఎంతో నచ్చుతుంది.

ఈ నిబంధనలు ఆటతోపాటు పుట్టినవి కావు. ఐరోపాలోనూ పూర్వం రాజుకు ఒకసారి దూకే వీలుండేది. క్రమంగా అదే కోటగా రూపొందింది. 2021లో డార్ట్‌మండ్‌లో ఆనంద్, క్రామ్నిక్ కోట లేకుండానే నాలుగు ఆటలు ఆడారు. ఆనంద్ గెలిచాడు.

మా తాతయ్య నేర్పిన ఆటలోనూ కోట లేదు. చెక్ పడని రాజు ఒక్కసారి గుర్రం వలె దూకవచ్చు. బంట్లు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే నడవాలి. కళాశాలలో కొత్తగా ఆట నేర్చుకొని వచ్చిన మా తమ్ముడు, తాతయ్య రాజు దూకగానే "తాతయ్యా, ఇది తప్పాట" అన్నాడు. ఆయన మారు పలుకలేదు. పావులన్నీ సంచిలో వేసి లేచిపోయారు. ఆ తరువాత చాలా రోజులు బల్ల అటక దిగలేదు.

కొంతకాలానికి ఒక పుస్తకంలో మీర్ సుల్తాన్ ఖాన్ గురించి చదివాను. ఆ పంజాబు ఆటగాడు పెరిగింది మన దేశవాళీ ఆటలోనే. అంతర్జాతీయ నిబంధనలు తరువాత నేర్చుకొని 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. దేశవాళీ ఆటలో రాజుకు గుర్రపు దూకుడు ఉండేదని కూడా అక్కడే ఉంది. ఆ పుటలు ఇద్దరికీ వినిపించాను. తమ్ముడే అటక ఎక్కి బల్ల దించాడు.

అప్పటినుండి ఒక ఆట తాతయ్య పద్ధతిలో, ఒకటి తమ్ముడి పద్ధతిలో సాగేవి. తాతయ్య కోట కట్టడం నేర్చుకున్నారు గాని, కడదాకా ముందు ఏనుగునే తాకేవారు. తమ్ముడు చూసీ చూడనట్లు ఊరుకునేవాడు.