గొంతు దాకా వచ్చి

జూలై 4
బేస్‌బాల్ ఆటగాడు లూ గెరిగ్ వీడ్కోలు ప్రసంగం ఫిల్మ్ మళ్లీ పెట్టుకున్నాను. 1939, ఇదే రోజు, న్యూయార్క్‌లో యాంకీ స్టేడియం. 36 ఏళ్లు. ఏఎల్ఎస్ జబ్బు. మొదట మైకు దగ్గరికి రాలేకపోయాడు. జనం పిలిచారు. వచ్చాడు. తల వంచుకుని, కర్చీఫుతో కళ్లు తుడుచుకుంటూ. పూర్తి ఫిల్మ్ ఎక్కడా మిగల్లేదు. ముక్కలే. దుఃఖంతో మాట గొంతులోనే ఆగిపోయే ఆ పరిస్థితిని అమెరికన్లు చోక్ అప్ అంటారు.

జూలై 5
బేస్‌బాల్లోనూ చోక్ అప్ ఉంది. బ్యాట్‌ని పిడి చివర కాకుండా కాస్త పైకి పట్టుకోవడం. దెబ్బలో బలం తగ్గుతుంది. బ్యాట్ మాత్రం చెప్పినట్టు వింటుంది.

జూలై 8
ఇంగ్లీషు క్లాసులో ఫ్రేజల్ వెర్బ్స్. వెనక బెంచీ అమ్మాయి అడిగింది: "చోక్ అప్ అంటే పొలమారడమా మేడమ్?" అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. దాదాపు అదే. దుఃఖమొస్తే ఒంటికి ఎక్కువ గాలి కావాలి, గొంతులో శ్వాసద్వారం వెడల్పవుతుంది. గుటక వెయ్యాలంటే అదే మూసుకోవాలి. ఆ పెనుగులాటే ఉండలా తగులుతుంది. అక్కడ ఏమీ ఉండదు.

పొలమారితే మనవాళ్లెవరో తలుచుకుంటున్నారంటారు. అది క్లాసులో చెప్పాల్సింది కాదు.

జూలై 9
టీవీ వార్తలు చదివే వాల్టర్ క్రాంకైట్, సీబీఎస్, 1963 నవంబరు 22. అమెరికా అధ్యక్షుడు కెనెడీ పోయాడని చదవాలి. కోటు కూడా లేదు, చొక్కాతోనే కూర్చున్నాడు. కళ్లజోడు తీశాడు. గడియారం చూశాడు. టైం చెప్పాడు. జోడు పెట్టుకున్నాడు. గుటక. మళ్లీ వార్త.

అది చోక్ అప్. పూర్తిగా ఏడ్చేసే బ్రేక్ డౌన్ కాదు. ఈ తేడా బోర్డు మీద రాసి చెప్పలేను. ఆ గుటక చూపించాలి.

జూలై 10
రేడియో రిపోర్టర్ హెర్బర్ట్ మారిసన్‌ది బ్రేక్ డౌన్. 1937 మే 6, లేక్‌హర్స్ట్. హిండెన్‌బర్గ్ ఎయిర్‌షిప్ కళ్లముందే కాలిపోయింది. 36 మంది పోయారు. రికార్డింగులో మాట ఏడుపైపోతుంది. కాసేపు పక్కకెళ్లాడు. వచ్చి, మిగతాది చెప్పాడు. ఆ రావడం నాకు ముఖ్యం.

జూలై 11
టియర్ అప్, టేర్ అప్. స్పెల్లింగ్ ఒకటే. ఒకటి కళ్లల్లో నీళ్లు తిరగడం. ఒకటి చింపెయ్యడం. కొన్ని ఉత్తరాలకు రెండూ అవసరమే.

జూలై 12
హోంవర్క్. చోక్ అప్‌తో సొంత వాక్యాలు. పెళ్లి, ఫేర్‌వెల్, పెళ్లి, పెళ్లి.

పొలమారడం అమ్మాయి మూడు వాక్యాలు రాసింది. హాస్టల్ నుంచి ఇంటికి ఫోన్ చేసిందట. నాన్న చోక్ అప్ అయ్యారట. సిగ్నల్ పోయిందనుకుని హలో, హలో అందట.

ఒకచోట టెన్స్ తప్పు. దిద్దాను. రెండో హలో కొట్టెయ్యలేదు.