పగటి తోడు

గృహిణుల దినచర్యలో ఉదయము పది గంటలకును సాయంకాలము నాలుగు గంటలకును నడుమనున్న కాలమును గూర్చి వ్రాసినవారు అరుదు. భర్త ఉద్యోగమునకును, బిడ్డలు పాఠశాలకును వెడలిన పిదప ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమగును. ఆ వేళ ప్రక్కన ఒక ప్రాణి యున్నచో ఆ నిశ్శబ్దము శూన్యమని తోపదు, విశ్రాంతియని తోచును. నాకట్టి తోడు మా నల్లడు. వాడొక కుక్క.

వానిని మేము కొని తెచ్చుకొనలేదు. పెంపవలెనని తలపెట్టనైనను లేదు. మూడేండ్ల క్రిందట వానకాలమున కూనగా మా అరుగు క్రింద తలదాచుకొనెను. మా అత్తగారు ఆచారపరురాలు. కుక్క గడప దాటరాదని వారి కట్టడి. అయినను కాకులకును కుక్కలకును అన్నము పెట్టి తినుట పెద్దలు చెప్పిన ధర్మమే గదా యని, మొదటి ముద్ద వారే పెట్టిరి. నాటినుండి గడపకు వెలుపల నల్లడు, లోపల నేను. ఈ యేర్పాటును వాడు నాకంటె శ్రద్ధగా పాటించుచున్నాడు.

నేను బియ్యమేరుకొనుచున్నను, భారతము విప్పి కూర్చున్నను, వాడు గడపకు మోర యానించి పండుకొనును. పాలవాని సైకిలు గంటకు తోక మాత్రము కదల్చును. కూరగాయల బండికి ఒక చెవి నిక్కించును. కొత్తవారు వాకిట అడుగిడినచో లేచి నిలుచును. లోపలనుండియే ఎవరు వచ్చిరో వాని నడవడినిబట్టి గ్రహింపగలను. విశాఖపట్టణము జిల్లానుండి 2022లో విడివడిన అనకాపల్లి జిల్లాలోనిది మా చోడవరము. చుట్టును చెఱకు తోటలు. చలికాలమున బెల్లము వండు పాకలనుండి తీపివాసన గాలితో వచ్చునపుడు వాడు ముక్కు పైకెత్తి, కనులు మూసికొని, యోగివలె కూర్చుండును. అది చూచి ఒంటరిగా నవ్వుకొన్న దినములెన్నియో.

ఇక విచారము. సాయంకాలపు బడిగంట వినబడగనే నల్లడు వీధి దాటి పాఠశాల ఆవరణములోనికి పరుగెత్తును. పిల్లల గుంపులో మావారిని వెదకి పట్టుకొని యింటికి వెంటబెట్టుకొని వచ్చును. ఇది ఊరివారికి వేడుకగా నుండెడిది. అయితే 2025 నవంబరు 7వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము విద్యాలయములు, వైద్యశాలలు, బస్సు నిలయములు, రైలుస్టేషనులు మొదలగు చోట్ల తిరుగు వీధికుక్కలను తొలగించి, శస్త్రచికిత్సయు టీకాయు చేయించి, శరణాలయములకు చేర్చవలెననియు, మరల అచ్చటనే విడువరాదనియు ఆజ్ఞాపించెను. ఆ వార్త చదివిన నాడు నాకు అన్నము సహింపలేదు.

ఆ యాజ్ఞ నిర్దయయని నేననజాలను. నేనును బిడ్డల తల్లినే. ఒకరి ముద్దుకుక్క మఱొకరి బిడ్డకు భయకారణము. రేబీసు లక్షణములు పైకి కనబడిన పిదప బ్రతుకుట దాదాపు అసంభవము. అయినను సకాలమున జాగ్రత్తపడినచో దానిని నివారింపవచ్చును. కుక్క కఱచినచో గాయమునకు సున్నమో కారమో పట్టింపక, సబ్బుతో పారు నీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే వైద్యశాలకు పోయి టీకా వేయించుకొనవలెను. 1885 జూలై 6వ తేదీన ఫ్రాన్సు దేశమున పాశ్చరు పండితుడు ఈ టీకాను మొదట వేయించినది తొమ్మిదేండ్ల బాలునికి. పిచ్చికుక్క కఱచిన ఆ బిడ్డను పారిసు నగరమునకు తీసికొనివచ్చినది వాని తల్లియే. ఆ బాలుడు బ్రతికెను.

ఆదిపర్వమున సరమ కథ మీరెఱుగుదురు. జనమేజయుని యజ్ఞవాటికకు పోయిన సరమ కుమారుని, ఏ తప్పును చేయకున్నను, రాజసోదరులు కొట్టిరి. ఆ కుక్కతల్లి వచ్చి కారణమడిగిన ఎవరును బదులు చెప్పలేదు. తలపని భయము నీకు కలుగునని ఆమె రాజును శపించెను. ఈ కథ చదివినపుడెల్ల నాకు ఇద్దరు తల్లులు కనబడుదురు: బిడ్డ దెబ్బలు తినినదని ఏడ్చు తల్లియొకతె, బిడ్డను కుక్క కఱచునేమోయని వడకు తల్లి యింకొకతె. ఇద్దరి దుఃఖమును నిజమే. ఇద్దరికిని బదులు చెప్పవలసినవారము ముద్ద పెట్టి కుక్కను మచ్చిక చేసికొన్న మనమే.

కావున మావారు నల్లని పశువైద్యశాలకు తీసికొనిపోయి, శస్త్రచికిత్స చేయించి, టీకా వేయించిరి. మెడకు పట్టెడ కట్టిరి. ఏటేట ఆ టీకా మరల వేయింపవలెనట. ఇప్పుడు బడిగంటకు ముందే నేను వానిని పెరటి జామచెట్టునకు కట్టుచున్నాను. మొదటి దినము వాడు త్రాటిని కఱచి, మూలిగి, నన్నొక చూపు చూచెను. ఆ చూపునకు నాయొద్ద సమాధానము లేదు. ప్రక్కన పీట వేసికొని మావారు వచ్చువఱకు కూర్చుంటిని. పదిదినములకు మూలుగుట మానెను. గంట వినబడినచో వీధివైపు చెవులు నిక్కించుట మాత్రము మానలేదు.

సోదరీమణులారా! మీ వాకిటను ఇట్టి ప్రాణి యొకటి యుండవచ్చును. దానికి అన్నము పెట్టుటతో మన ధర్మము తీరదు. టీకా వేయింపుడు, పిల్లలు తిరుగు చోటికి పోకుండ కాచుకొనుడు. అప్పుడే పొరుగింటి తల్లియు నిశ్చింతగా నిద్రించును.

నిన్న సాయంకాలము నేను నల్లని కట్టుచుండగా, గడప లోపలినుండి మా అత్తగారు, "పట్టెడ బిగువైనదేమో, వ్రేలు పెట్టి చూడవే అమ్మాయీ" అనిరి.